నఫీసా ఖాలా డోంగా

నవ్వం అని మాటిస్తేనే చెప్త. చాయ్ పొయ్ యాదగిరన్నా, కొంచెం లంబా కథ.

ఈ వారం నాలుగు రోజులు రోజూ వంట చేసిన. నేనే! ఆకలై కాదు, ఒక గిన్నె ఖాళీగ పోవద్దని. నిన్నటికి మా వంటింట్ల డబ్బాలన్నీ ఖాళీ అయినయ్, వాటితోని పాటు నా పరువు గూడ. మా ఇంట్ల పద్దెనిమిదేండ్ల నుంచి నా కండ్ల ముందట జరుగుతున్న ఒక చిన్న ముచ్చట నాకు తెల్వదని మా మొఘల్‌పురా బస్తీ మొత్తానికి తెలిసిపోయింది. ఎట్లనో వినుర్రి.

మా కవిత వాళ్ల అక్క, పద్మక్క, కరీంనగర్ల ఉంటది. కడుపుల రాళ్లని ఆపరేషన్ చేసిన్రు. దవఖాన నుంచి ఇంటికొచ్చినంక పది రోజులు పక్కన ఎవరన్న ఉండాలె. ఎవరున్నరు? కవితనే. మా బిడ్డ వరంగల్ల హాస్టల్ల ఉండి చదువుతది. కాబట్టి కవిత పోతే ఇంట్ల నేనొక్కణ్ణే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. పెండ్లయిన ఈ పద్దెనిమిదేండ్లల్ల కవిత అక్క దగ్గర రెండు రాత్రులకు మించి ఉన్నది లేదు. ఎందుకు? నా వల్లనే. ఒకసారి పోతే నేను పొయ్యి మీద పాలు పెట్టి దుకాణంకు పోయిన. గల్లీ అంతా పొగ, తాళం పలగ్గొట్టుడు, లొల్లి లొల్లి. తెల్లారి బస్సుకు కవిత వాపస్. ఇంకోసారి పోతే కుక్కర్ మూతకు రబ్బర్ పెట్టకుండ గంటసేపు విజిల్ కోసం చూసిన. విజిల్ రాలే, కవిత వచ్చింది. అక్కాచెల్లెండ్లు కూసొని మనసు నిండ నాలుగు మాటలు మాట్లాడుకోనియ్యలే నేను. తలుచుకుంటే నాకే సిగ్గయితది.

అందుకే ఈసారి బస్టాండ్ల గట్టిగ మాటిచ్చిన. "పది రోజులు నువ్వు అక్కడనే ఉండు. నా ఫికర్ చెయ్యకు. వంట నేను చూస్కుంట."

"మీరా?" అన్నది.

"నేనే. ఏం, నాకు చేతులు లేవా?"

ఆమె నా చేతుల దిక్కు చూసింది. బస్సు కదిలే ముందు కిటికీల నుంచి రెండు మాటలు చెప్పింది. "వానలు మొదలైనయ్. డబ్బాలల్ల ఉన్నవాటికి పురుగు పడ్తది. మీరు కిరాణం నుంచి కొత్త సామాన్ ఏం తేకుర్రి, ఉన్నవే ఖతం చెయ్యుర్రి. ఇంకోటి, నేను రోజూ నఫీసా ఖాలాకు ఫోన్ చేస్త. మీకు తిండి సక్కగ లేదని ఆమె నోట్లకెళ్లి ఒక్క మాట వచ్చినా, ఆ పూటే బస్సెక్కుత." సరే, కొత్త సామాన్ తేను అన్న.

నఫీసా ఖాలాది మా ఎదురిల్లు. మా నాయన కాలం నుంచి ఇరుగుపొరుగు, అందుకే చిన్నమ్మ లెక్క ఖాలా అని పిలుస్త. గల్లీ ఎంత సన్నగుంటదంటే, మా ఇంట్ల పోపు పెడితే వాళ్లింట్ల తుమ్ముతరు. ఆమె కొడుకు ఇమ్రాన్, నాకన్న పదేండ్లు చిన్నోడు, పురానాపూల్ కాడ ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేర్ చేస్తడు. మాది మాంసం ముట్టని ఇల్లు. ఆ సంగతి మాకన్న ఖాలాకే ఎక్కువ యాదుంటది. మాకు ఏదన్న పంపాలంటే ఆమె దగ్గర ఒక పింగాణి డోంగా ఉన్నది, మూత ఉన్న పెద్ద గిన్నె, మూత మీద నీలం పూలు. దాంట్ల పప్పో కూరగాయో తీపో తప్ప ఇంకోటి పడనియ్యదు.

ఆదివారం కవిత పొద్దున పోయింది. సాయంత్రం ఇమ్రాన్ ఆ డోంగా పట్టుకొని వచ్చిండు. నిండ ఖట్టీ దాల్, పుల్లటి పప్పు. ఎల్లిపాయ పోపు వాసన మెట్ల మీద నుంచే వస్తున్నది.

"అమ్మీ పంపింది శీను భాయ్. భాబీ లేదు గదా అని."

నేను అన్నం ఒక్కటే వండుకొని మొత్తం దాల్ పోసుకొని తిన్న. డోంగా కడిగిన, తుడిచిన, మూత పెట్టిన. ఇద్దామని చెప్పులేసుకున్న. అప్పుడు మా అమ్మ మాట యాదికొచ్చింది. ఎదుటోళ్ల గిన్నెను ఖాళీగ పంపితే వాళ్లింటికి కరువు పంపినట్టే అనేది ఆమె. మీ ఇండ్లల్ల గూడ అంటరు గద? మన దగ్గర ఎవ్వరూ ఖాళీ గిన్నె ఇయ్యరు.

చెప్పులు విప్పి కూసొని ఆలోచన చేసిన. కవితకు ఫోన్ చేసి ఏం పెట్టాలె అని అడిగితే? మొదటి రోజే ఫోన్ చేసిండని ఆమె బస్సెక్కుతది. ఖాళీగ ఇస్తే? పాపం, వండుకునుడు గూడ రాదు అని ఖాలా ఒక్క మాట అంటది, అప్పుడు గూడ కవిత బస్సెక్కుతది. పద్మక్క మళ్ల ఒక్కతే మంచం మీద. ఎటు తిప్పినా ఒక్కటే తొవ్వ. డోంగా నిండుగ పోవాలె. నా వంటతోని పోవాలె.

సోమవారం పొద్దున ఉప్మా. బొంబాయి రవ్వ డబ్బా నిండ ఉన్నది. నేను లాడ్ బజార్ల లేసులు, జరీ అంచులు అమ్మేటోణ్ణి. చిన్నప్పటి నుంచి మీటర్లు కొలుస్తున్న. కొలత నా చేతుల ఉంటది అనుకున్న. ఒకటికి రెండున్నర నీళ్లని ఎక్కడో విన్న. రవ్వ స్టీల్ గ్లాసుతోని కొలిచిన. నీళ్లు పోసేటప్పుడు చాయ్ గ్లాసు దొరికింది, దాంతోని కొలిచిన. గ్లాసు గ్లాసే గద!

కాదు. ఉప్మా గంటెకు పట్టుకొని కడాయితోని పాటు లేచింది. గంటె విడిపించేటందుకు రెండు నిమిషాలు పట్టింది. పారేద్దామంటే ఇంకోటి వండే టైం లేదు, దుకాణం తెరవాలె. సరే అని కత్తి తీస్కొని చదరం ముక్కలు కోసిన. ఒక్కో ముక్క మీద ఒక్కో కాజు పెట్టిన. చూస్తే మస్తు అందంగ ఉన్నది, నిజం చెప్తున్న.

డోంగా తీస్కపోను వచ్చిన ఇమ్రాన్ మూత తీసి చూసిండు. "ఇదేంది భాయ్?"

"ఉప్మా."

"అచ్ఛా! ముక్కలు?"

"మా దిక్కు గిట్లనే చేస్తరు."

"మీ దిక్కు ఏంది భాయ్? మీది మా ఎదురిల్లే గద!"

దుకాణంకు ఆలస్యమైతుందని చెప్పి నేను మెట్లు దిగిన.

అదే సాయంత్రం డోంగా మళ్ల వచ్చింది. మూత తీస్తే బగారా బైంగన్! చిన్న చిన్న గుత్తి వంకాయలు, నువ్వులు పల్లీల గ్రేవీ, మీద నూనె తేలుతున్నది. నాకేమనిపించిందో తెలుసా? ఖాలాకు నా ఉప్మా నచ్చిందనిపించింది. నచ్చకపోతే ఇంత కష్టపడి వంకాయ ఎందుకు చేస్తది? రాత్రి, తెల్లారి పొద్దున రెండు పూటలు ఆ వంకాయనే తిన్న. తింటుంటే నా వంట మీద నాకు గౌరవం పెరిగింది.

మంగళవారం పులిహోర. బియ్యం ఉన్నది, చింతపండు ఉన్నది, పల్లీలు ఉన్నయ్. ఉప్మాతోని పాఠం నేర్చుకున్న గద, ఈసారి నీళ్లు తక్కువ కావొద్దని ధారాళంగ పోసిన. అన్నం అంబలికి ఎక్కువ, పులిహోరకు తక్కువ అయింది. చింతపండు పిసికి పోసిన, గింజలు తియ్యాలన్నది తర్వాత యాదికొచ్చింది. కూసొని ఏరిన. పదకొండు దొరికినయ్, ఇంకెన్ని లోపల ఉన్నయో ఆ దేవునికే తెలుసు. పల్లీలు సగం మాడినయ్. నల్లటివి అడుగుకు తోసి, ఎర్రటివి మీద పేర్చిన. దుకాణంల గూడ గంతే గదా, మంచి అంచు మీదికి కనపడాలె.

ఆ సాయంత్రం కవిత ఫోన్.

"ఏమండీ, రోజూ వండి ఖాలాకు గూడ పంపుతున్నరట?"

"మరి? ఏమనుకున్నవ్?"

"ఆమెనే చెప్పింది. మాషాఅల్లా, శీను రోజూ వండుతున్నడు బేటీ అన్నది."

"బాగున్నదన్నదా?"

"వండుతున్నడు అన్నది."

"బాగున్నదన్నదా లేదా?"

"రోజూ వండుతున్నడు అన్నది అండీ."

నేను దాన్ని మెచ్చుకోలు కిందనే జమ చేసుకున్న. ఫోన్ల వెనుక నుంచి పద్మక్క నవ్వు వినిపించింది. ఆపరేషన్ అయినంక అక్క నవ్వుడు ఇదే మొదటిసారి అన్నది కవిత. ఆమె గొంతుల గూడ ఏ తొందరా లేదు, బస్సు మాట లేదు. ఆ రాత్రి నాకు మంచిగ నిద్ర పట్టింది. మొదటిసారి నేను ఒక పని సక్కగ చేస్తున్న అనిపించింది.

అన్నట్టు, ఆ రోజు డోంగాల ఏమొచ్చిందో చెప్పలే గద. డబుల్ కా మీఠా! నెయ్యిల వేయించిన రొట్టె ముక్కలు, పాలు, కాజు, కిస్‌మిస్. ఇగ చూడుర్రి, నా ఆలోచన ఎటు పోయిందో. ఖాలా నాతోని పోటీకి దిగింది అనుకున్న. ఆమె తీపి పంపితే నేను తీపి పంపాలె. కారం పంపితే ఇజ్జత్ పోతది.

బుధవారం లడ్డు. శనగపిండి కిలోకు తక్కువ లేదు, డబ్బాల మూలుగుతున్నది. దోరగ వేయించాలె అంటరు గద, దోర అంటే ఎంతనో ఎవ్వరూ చెప్పరు. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చిందాక వేయించిన, ఆ వాసన మంచిగున్నదని ఇంకొంచెం వేయించిన. చక్కెర పొడి కొట్టాలంటే మిక్సీ ఏ బటన్‌తోని నడుస్తదో తెల్వలే. పాకం పట్టిన. చక్కెర డబ్బా మొత్తం బోర్లించిన. చాలదేమో అనిపించి ఉన్న బెల్లం గూడ కొట్టి ఏసిన. పాకం ఎప్పుడు దించాలె? నురుగు వస్తే దించాలెనా, తీగ వస్తే దించాలెనా అని ఆలోచిస్తుంటే దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెండ్లి పార్టీ ఆరు రంగుల గోటా లేసు అడుగుతున్నరు. ఫోన్ల బేరం అయ్యేవరకు పాకం దాని దారి అది చూసుకున్నది.

ఉండలు కడ్తుంటే చేతులల్లనే గట్టిపడ్డయ్. ఒకటి జారి కింద పడ్డది. గడప దాకా ఉరికి, గడపకు తాకి, వాపస్ వచ్చింది. వంగి చూసిన. ఒక్క పగులు లేదు. గడపకు మాత్రం చిన్న పెచ్చు లేచింది. దారిల విరగకుండ పోతయ్ తియ్ అనుకొని డోంగాల పేర్చిన. లోపల పెడ్తుంటే పింగాణి పగుల్తదేమోనని అడుగున బట్ట పరిచిన.

సాయంత్రం మిర్చీ కా సాలన్, లావు మిరపకాయల కూర, వచ్చింది. నేను దుకాణంల పక్క దుకాణపోళ్లకు గూడ చెప్పుకున్న, మా ఎదురింటి ఖాలా నా వంటంటే ప్రాణం ఇస్తదని. నిజంగనే చెప్పిన. ఇప్పుడు మీరు నవ్వుతున్నరు గని అప్పుడు వాళ్లు నమ్మిన్రు.

గురువారానికి వచ్చేసరికి డబ్బాలల్ల ఏం మిగల్లే. సాబుదాన, అదే సగ్గుబియ్యం, దొరికింది పైన షెల్ఫ్ మీద, ఉపాసం నాడు కవిత చేస్తది చూడుర్రి, ఆ కిచిడి. నానపెట్టి కడాయిల ఏసిన. నాలుగు సార్లు కలిపిన. ఫుస్ మన్నది గ్యాస్. అయిపోయింది! సిలిండర్ బుక్ చేస్తే రెండు రోజులన్నరు. సగం ఉడికిన సాబుదానను ఏం చేస్తం? కరెంటు రైస్ కుక్కర్ల ఏసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, బటన్ నొక్కిన. అరగంటకు మూత తీస్తే గంటె వెంబడి మొత్తం ఒక్కటే ముద్దగ లేస్తున్నది, పతంగుల మాంజా చేసేటోళ్లకు పనికొచ్చేటట్టున్నది. అయినా గ్యాస్ సంగతి, కుక్కర్ సంగతి ఇమ్రాన్‌కు చెప్పి పంపిన. ఎందుకంటే డోంగా ఖాళీగ పోవద్దు గదా.

ఆ సాయంత్రం డోంగాల ఒట్టి కిచిడి, పక్కన ప్లాస్టిక్ కవర్ల కట్టిన ఖట్టా, చింతపండు పులుసు, వచ్చినయ్. మిగతా రోజుల లెక్క పెద్ద వంట కాదు. ఇమ్రాన్ గూడ గడప కాడనే డోంగా చేతికిచ్చి మర్లిపోయిండు. నాకు కొంచెం చిన్నగనిపించింది. ఇగ ఓడిపోతున్నది ఖాలా అనుకున్న. దేవుని మీద ఒట్టు, అదే అనుకున్న.

ఇగ నిన్న, శుక్రవారం. ఇంట్ల ఏమున్నది? ఉప్పు, కారం, ఆవాలు, మెంతులు, ఒక ప్యాకెట్ అప్పడాలు. గ్యాస్ లేదు. దుకాణం మధ్యాహ్నం దాకా తెరవలే. ఇస్త్రీ పెట్టెతోని అప్పడం కాల్చొచ్చా అని నేను ఆలోచిస్తున్న. ప్లగ్ గూడ పెట్టిన. అప్పుడు ఇమ్రాన్ వచ్చిండు. తెల్ల కుర్తా, అత్తరు, నమాజ్‌కు పోవడానికి తయారై ఉన్నడు. అప్పడం చూసిండు, ఇస్త్రీ పెట్టె చూసిండు, కుర్చీల కూలబడ్డడు.

"శీను భాయ్, ఒక మాట చెప్త. బురా నక్కో మానో, తప్పుగ అనుకోకు."

"చెప్పు ఇమ్రాన్, మన ఇంట్ల బురా ఏంది?"

"అమ్మీకి మోకాళ్ల నొప్పులు. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ చెప్పిండు. ఈ వారం రోజూ రెండు గంటలు పొయ్యి కాడ నిలబడుతున్నది."

నాకు కోపం వచ్చింది. "నేను అడిగిన్నా? ఆమెనే పంపుతున్నది గద!"

"పంపుతలేదు భాయ్!" ఇమ్రాన్ రెండు చేతులు జోడించిండు. "వాపస్ ఇస్తున్నది! ఆదివారం ఒక్కనాడే పంపింది. మీరు ఉప్మా నింపి పంపిన్రు. నిండు గిన్నె ఇంటికొస్తే ఖాళీ ఎట్ల ఇస్తం? అందుకే వంకాయ చేసింది. మీరు మళ్ల నింపిన్రు. ఆమె మళ్ల నింపింది. రేపు ఏం పంపుతరోనని ఆమె భయం, ఏం వండాలెనోనని ఫికర్!"

అంటే పోటీ లేదు, పాడు లేదు. ఒక గల్లీల రెండు ఇండ్లు ఒక్క గిన్నెను మార్చి మార్చి నింపలేక చస్తున్నయ్, ఆపే ధైర్యం ఎవ్వరికీ లేదు.

"మరి నేను పంపినవి?" అని మెల్లగ అడిగిన.

"తిన్నం భాయ్. దేవుడిచ్చిన తిండి పారేస్తే అమ్మీ ఊకోదు. ఉప్మా నేను తిన్న. పులిహోర అమ్మీ, నా బీవీ చెరిసగం తిన్నరు. గింజలు అమ్మీ ఏరి పెట్టింది, ఆరు."

"లడ్డు?"

"రోట్లేసి దంచినం. పొడిని పాలల్ల కలుపుకొని తాగినం. ఇంకా రెండున్నయ్."

"నిన్నటి సాబుదాన?"

ఇమ్రాన్ నేల చూపులు చూసిండు. "దాని సంగతి వదిలెయ్ భాయ్."

తర్వాత గడియారం చూసి గడగడ చెప్పిండు. "ఇయ్యాల నమాజ్ అయినంక మా అత్తగారోళ్లు దావత్‌కు వస్తున్నరు. అమ్మీ తీపికి ఖుబానీ కా మీఠా చేసింది. ఆ డోంగాలనే పెట్టాలె, ఇంకోటి లేదు. జర్ర వాపస్ ఇయ్యి భాయ్. కాని వండకు! అట్లని ఖాళీగ గూడ ఇయ్యకు, అమ్మీ మనసు ఒప్పదు. భాబీ ఎట్లిస్తదో గట్ల ఇయ్యి, చాలు."

"భాబీ ఎట్లిస్తది?"

ఇమ్రాన్ నన్ను మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూసిండు. "పిడికెడు చక్కెర ఏసి ఇస్తది గద భాయ్. నేను పుట్టినప్పటి నుంచి మీ ఇంటికెళ్లి గట్లనే వస్తది. మీ అమ్మ గూడ గట్లనే ఇస్తుండె."

యాదగిరన్నా, నువ్వు నవ్వుతున్నవ్, నవ్వు. కాని ఆ మాటకు నాకు చెంప మీద కొట్టినట్టే అయింది. నెలకు రెండుసార్లన్నా ఆ డోంగా మా ఇంటికి వస్తది. అది వచ్చేటప్పుడు నేను చూస్త, మూత ఎత్తేది నేనే. పోయేటప్పుడు ఒక్కసారి గూడ చూడలే. ఎట్ల పోతది, ఎవరు కడుగుతరు, దాంట్ల ఏం పెడతరు? పద్దెనిమిదేండ్లల్ల ఒక్కనాడు గూడ నాకు అడగబుద్ధి కాలే.

"ఇప్పుడే ఇస్త" అని లేచిన. చక్కెర డబ్బా తీసిన. లడ్డుకు బోర్లించిన గద, అడుగున ఒక్క పలుకు లేదు. బెల్లం డబ్బా? అదీ లడ్డులనే. మాట తప్పి కొందామన్నా, గల్లీ మొదట్ల కిరాణం నమాజ్ అయ్యేదాకా బంద్. ఉప్పు ఉన్నది, కాని ఉప్పు ఇస్తే కొట్లాటలైతయని మా అమ్మ అనేది. ఇమ్రాన్ "మసీదుల ఖుత్బా మొదలైతది భాయ్" అనుకుంట మెట్లు దిగి ఉరికిండు. నేను డోంగా ఇంట్లనే పెట్టి, ఒట్టి చేతులతోని ఎదురింటికి పోయిన.

ఖాలా చెక్క తఖ్త్ మీద కాళ్లు చాపి కూసున్నది, మోకాళ్లకు నూనె రాసుకున్నది, చేతుల ఫోన్. వీడియో కాల్. ఫోన్ల కవిత!

"ఇగో, బేటా వచ్చిండు" అని ఖాలా ఫోన్ నా దిక్కు తిప్పింది.

"ఏమండీ, గ్యాస్ అయిపోయిందట? సాబుదాన అన్నం కుక్కర్ల పెట్టిన్రట? లడ్డులు రోట్లేసి దంచిన్రట?" కవిత ఒక్క గుక్కల అడిగింది. "ఇగ చాలు. నేను సాయంత్రం బస్సుకు వస్తున్న."

వెనుక పద్మక్క మంచం మీద లేచి కూసునేటందుకు తిప్పలు పడుతున్నది. మెత్త సరిచేసేటోళ్లు గూడ లేరు, ఫోన్ పట్టుకొని కవిత ఇటు తిరిగి ఉన్నది గదా. మళ్ల గదే పని చేసిన నేను.

"రాకు కవితా" అన్న. "వంట వచ్చని అబద్ధం చెప్పిన. నాకు ఏం రాదు. తినుడు ఒక్కటే వచ్చు. ప్రతిసారి నేనే నిన్ను అక్క దగ్గరకెళ్లి గుంజుకొస్తున్న. ఈసారి రాకు. నేను అటుకులు బుక్కుకుంటనన్న బతుకుత."

"అటుకులు లేవు" అన్నది కవిత. "నేను పోయేముందే అయిపోయినయ్."

ఖాలా ఫోన్ గుంజుకున్నది. "ఓ బేటీ, నువ్వు కదలకు. అక్కను చూస్కో. శీను రోజూ మా దస్తర్‌ఖాన్ కాడ మాతోని కూసొని తింటడు. మేము వండుకునే పప్పుల ఒక గంటె వేరే తీసి పెడ్త, నాకేం బరువు? గిన్నె నింపి పంపుడే బరువు. తిని పళ్లెం కడిగి పోతే చాలు. కాని ఒక్క షరత్."

"ఏంది ఖాలా?"

"మీ ఆయన పొయ్యి ముట్టించొద్దు."

కవిత నవ్వింది. వెనుక నుంచి పద్మక్క కడుపు పట్టుకొని అరిచింది, "మరిదీ, ఆ లడ్డు కథ మళ్లొకసారి చెప్పు! కుట్లు గుంజుతున్నయ్ గని చెప్పు!" నేను చెప్పిన, గడప పెచ్చు లేచిన దాకా చెప్పిన. ఫోన్ పెట్టేముందు కవిత అన్నది, పది కాదు, పన్నెండు రోజులుంటదట. నాకు ఎంత సంతోషమైందంటే, ఇజ్జత్ పోయిన సంగతే మర్చిపోయిన.

అప్పుడు అడిగిన. "ఖాలా, జర్ర చక్కెర ఇస్తరా?"

"ఎందుకు బేటా, చాయ్‌కా?"

"కాదు. మీ డోంగాల ఏసి ఇద్దామని."

ఖాలా మోకాలు పట్టుకొని నవ్వింది, కండ్లకెళ్లి నీళ్లు వచ్చిందాక నవ్వింది. కాని వద్దు అని మాత్రం అనలే, చూడుర్రి. పద్ధతి పద్ధతే. కోడలిని పిలిచి చక్కెర ఇప్పించింది. నేను ఇంటికి పోయి, డోంగా మళ్లొకసారి కడిగి, తుడిచి, ఆ చక్కెర పోసి, మూత పెట్టి, రెండు చేతులతోని పట్టుకొని పోయి ఇచ్చిన. ఖాలా మూత తీసి వాళ్లింటి చక్కెరనే చూసి, ఎంత గంభీరంగ అన్నదో తెలుసా?

"అరే బేటా, ఎందుకు ఇంత తక్లీఫ్!"

పది నిమిషాలల్ల డోంగా నిండ ఖుబానీ కా మీఠా పడ్డది, చుట్టాలు వచ్చిన్రు. నేను తల మీదకెళ్లి పెద్ద బరువు దిగినట్టు ఇంటికొచ్చిన. ఇస్త్రీ పెట్టె ప్లగ్ తీసిన. నీళ్లు తాగుదామని వంటింట్లకు పోయిన.

గట్టు మీద ఒక గాజు కటోరి, చిన్న గిన్నె, ఉన్నది. అంచుకు బంగారు గీత, లోపల నాలుగు చక్కెర పలుకులు. ఖాలా కోడలు చక్కెర పోసిచ్చిన కటోరి. వాళ్లింటిది. ఖాళీది.

రాత్రంతా దాన్ని చూస్కుంట కూసున్న. కిరాణంల కొనొచ్చు గద అంటరు మీరు. కొత్త సామాన్ తేనని కవితకు చెప్పిన. ఇచ్చిన మాటలల్ల నిలబడ్డది అదొక్కటే, దాన్ని గూడ పోనియ్యమంటరా? అందుకే పొద్దున్నే దుకాణం గూడ తెరవకుండ నీ దగ్గరికొచ్చిన యాదగిరన్నా. ఆ చాయ్ చక్కెరలకెళ్లి ఒక పిడికెడు ఇటియ్యి. ఆగాగు, నీకు దండం పెడ్త, గిన్నెల పొయ్యకు! కాయితంల పొట్లం కట్టియ్యి.